తిరుపతి నుంచి తొలి విదేశీ యాత్ర: ఖరీదైన నగరమా, చవకైన దేశమా?

మన వైపు కుటుంబాల్లో విదేశాలకు వెళ్దామన్న మాట వస్తే ముందు సింగపూర్, దుబాయ్ పేర్లు వినిపిస్తాయి. కాస్త ధైర్యం ఉన్నవాళ్లు పారిస్, స్విట్జర్లాండ్ అంటారు. ఆ తర్వాత ఎవరో ఒకరు ఫోన్‌లో టికెట్ రేటు చూస్తారు. సింగపూర్‌కి, బ్యాంకాక్‌కి చెన్నై నుంచి టికెట్‌లో పెద్ద తేడా కనిపించదు. 'అంతే కదా, సింగపూరే పోదాం' అని తేల్చేస్తారు. డబ్బు లెక్క తప్పేది సరిగ్గా ఇక్కడే. టికెట్ ఒక్కసారి కొంటాం. గది, తిండి, తిరుగుడు, ప్రవేశ రుసుము మాత్రం దిగిన రోజు నుంచి ఎక్కే రోజు దాకా రోజూ కట్టాలి, అదీ నలుగురికి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఉన్న ఇల్లు, చేతిలో లక్షన్నర నుంచి రెండు లక్షలు ఉంటే, తొలి యాత్రకు ఖరీదైన నగరాల జోలికి పోకండి. శ్రీలంక, మలేషియా, థాయ్‌లాండ్ ఈ మూడింటిలో ఒకటి ఎంచుకోండి. ఇంట్లో పెద్దవాళ్లు కూడా వస్తుంటే శ్రీలంక లేదా మలేషియా. బడికి వెళ్లే పిల్లలతో అయితే థాయ్‌లాండ్. ఇద్దరే వెళ్లే దంపతులకు, కొత్త తిండికి భయపడని వాళ్లకు వియత్నాం.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఇవి రేట్ల పట్టిక కాదు, అంచనాలు మాత్రమే. మీ తేదీలకు మీరే సరిచూసుకోవాలి. సింగపూర్‌లో నలుగురికి సరిపడే శుభ్రమైన గది 12 వేలు, తిండికి 5 వేలు, మెట్రో, టాక్సీలకు 1,500, చూసే చోట్ల టికెట్లకు రోజుకు సగటున 7,500 అనుకోండి. రోజుకు 26 వేలు. ఆరు రోజులకు 1,56,000. అదే కౌలాలంపూర్‌లోనో బ్యాంకాక్‌లోనో గది 3 వేలు, తిండి 2,500, తిరగడానికి వెయ్యి, టికెట్లకు 2,500 అనుకుంటే రోజుకు 9 వేలు, ఆరు రోజులకు 54 వేలు. విమానం రెండు చోట్లకీ తలా 20 వేల చొప్పున 80 వేలే పెట్టుకుందాం. ఒకటి 2,36,000, ఇంకొకటి 1,34,000. తేడా లక్ష పైమాటే. సింగపూర్‌కి వీసా కూడా కావాలి. తలా 30 సింగపూర్ డాలర్ల రుసుము, పైన ఏజెంటు చార్జీ. వీసా ఇవ్వకపోయినా రుసుము వెనక్కి రాదు.

యూరప్ లెక్క ఇంకో స్థాయిలో ఉంటుంది. షెంగెన్ వీసా రుసుము 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు 45. ఒక్క వీసాతో 29 దేశాలు తిరగొచ్చన్నది నిజమే. కానీ దానికి కనీసం 30 వేల యూరోల వైద్య ఖర్చులు భరించే బీమా చూపించాలి, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు పెట్టాలి, వేలిముద్రల కోసం కుటుంబమంతా చెన్నైకో బెంగళూరుకో వెళ్లి రావాలి. ఇంత చేశాక జ్యూరిచ్‌లోనో పారిస్‌లోనో రోజుకు ఎంత ఖర్చవుతుందోనన్న టెన్షన్‌తో, కాఫీ తాగాలన్నా రూపాయల్లోకి మార్చి చూసుకుంటూ తిరిగితే అది సెలవులా ఉండదు. యూరప్ వద్దని నేను అనడం లేదు. పిల్లల చదువులు, ఇంటి అప్పు ఒక కొలిక్కి వచ్చాక, రెండు వారాలు తీరిక చేసుకుని వెళ్లాల్సిన చోటు అది.

ఖరీదైన నగరం సరైన ఎంపిక అయ్యే సందర్భాలూ ఉన్నాయి. మీ అబ్బాయో అమ్మాయో సింగపూర్‌లోనో లండన్‌లోనో ఉద్యోగం చేస్తుంటే గది ఖర్చు, సగం తిండి ఖర్చు ఉండవు. అప్పుడు నిశ్చింతగా వెళ్లండి. నడవడం కష్టమైన పెద్దవాళ్లతో వెళ్తున్నా సింగపూర్ సౌకర్యమే. వీల్‌చైర్ వెళ్లని చోటు అక్కడ దాదాపు ఉండదు. అక్కడ మీరు కొనేది ఆ సుఖం. అవసరం ఉన్నవాళ్లు దానికి డబ్బు పెట్టడంలో తప్పు లేదు.

మనకు దగ్గరి దారి

తిరుపతి జిల్లా వాళ్లకు ఒక లాభం ఉంది, దాన్ని మనం గుర్తించం. చెన్నై విమానాశ్రయం మనకు దాదాపు 150 కిలోమీటర్లు. అక్కడి నుంచి కొలంబోకు గంటన్నర లోపు, బ్యాంకాక్‌కు మూడున్నర గంటలు, కౌలాలంపూర్‌కు నాలుగు గంటలు. తిరుపతి నుంచి విశాఖకు రైల్లో పట్టే సమయం కన్నా తక్కువలో వేరే దేశంలో దిగొచ్చు.

రెండో లాభం భాష. చిత్తూరు, పుత్తూరు, నగరి, సత్యవేడు వైపు వాళ్లకు తమిళం వచ్చు. మాట్లాడలేకపోయినా అర్థమవుతుంది. శ్రీలంకలోను, సింగపూర్‌లోను తమిళం అధికార భాషల్లో ఒకటి. మలేషియాలో తమిళం మాట్లాడే దుకాణదారులు, హోటల్ వాళ్లు కౌలాలంపూర్, పెనాంగ్ వీధుల్లో కనిపిస్తూనే ఉంటారు. ఇంగ్లీషు రాని అమ్మమ్మ కూడా ఇడ్లీ అడిగి తెప్పించుకోగలిగిన విదేశం అంటే ఆ ధీమా వేరు. హైదరాబాద్ వాళ్లకు కూడా లేని సౌలభ్యం ఇది.

చిత్తూరు, పలమనేరు, కుప్పం వాళ్లు బెంగళూరు నుంచి కూడా చూడాలి. విమానాశ్రయం దేవనహళ్లిలో, ఊరికి ఉత్తరాన ఉంది. ముళబాగల్, కోలార్, హోస్కోటె మీదుగా పోతే నగరం ట్రాఫిక్‌లో పడకుండా చేరొచ్చు. రెండు చోట్ల రేట్లూ పక్కపక్కన పెట్టి, కారు బాడుగతో కలిపి పోల్చండి.

శ్రీలంక

పెద్దవాళ్లకు నేను ముందు చెప్పేది ఇదే. మన గడియారమే అక్కడి గడియారం, నిద్ర మారదు. అన్నం, పప్పు, కొబ్బరి, ఇడియాప్పం. వాతావరణం మనదే, కొండ మీద మాత్రం చలి. రూపాయికి మూడున్నర దాకా శ్రీలంక రూపాయలు వస్తాయి.

కొలంబోలో ఎక్కువ రోజులు పెట్టకండి. ఒక రాత్రి చాలు. సమయం క్యాండీకి, సిగిరియాకు, తేయాకు కొండలకు ఇవ్వండి. క్యాండీలో బుద్ధుడి దంతధాతువు ఉన్న ఆలయం ఉంది. ఆ పక్కనే రాజుల భవనాలు. ఆ క్యాండీ రాజ్యాన్ని చివరగా ఏలింది మదురై నాయకుల బంధువర్గం, తెలుగు మూలాలున్న వంశం. 1815లో ఇంగ్లీషు వాళ్లు ఆ చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుణ్ణి పట్టుకుని తెచ్చి పెట్టింది ఎక్కడో కాదు, మన చిత్తూరుకు పక్కనే ఉన్న వేలూరు కోటలో. 1832లో ఆయన అక్కడే చనిపోయాడు. సమాధి కూడా వేలూరులోనే ఉంది. క్యాండీకి వెళ్లే ముందు ఒక ఆదివారం పిల్లలకు వేలూరు కోట చూపించి వెళ్తే ఆ ఊరు వాళ్లకు మరో రకంగా కనిపిస్తుంది.

సిగిరియా కొండ టికెట్ విదేశీయులకు ఖరీదు, డాలర్లలో ఉంటుంది. కౌంటర్‌లో భారతీయ పాస్‌పోర్టు చూపించి సార్క్ (మన చుట్టుపక్కల దేశాల కూటమి) దేశాల రేటు అడగండి, బాగా తగ్గుతుంది. అందుకే ఆ రోజు పాస్‌పోర్టు హోటల్ గదిలో వదిలి వెళ్లొద్దు. ఎదురుగా ఉన్న పిదురంగల కొండకు టికెట్ చాలా తక్కువ. పైకెక్కితే సిగిరియా మొత్తం ఎదుట కనిపిస్తుంది. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకు ఈ రెండూ కష్టమే. అలిపిరి మెట్లు ఆగి ఆగి ఎక్కగలిగిన వాళ్లు సిగిరియా ఎక్కగలరు.

క్యాండీ నుంచి ఎల్లాకు తేయాకు తోటల మధ్య సాగే రైలు ప్రయాణం ఆ దేశానికే పేరు తెచ్చింది, టికెట్ కూడా చవక. అయితే 2025 నవంబరు చివర్లో దిత్వా తుపాను ఆ కొండ ప్రాంతాన్ని తీవ్రంగా దెబ్బతీసింది, రైలు దారులు తెగిపోయాయి. మీరు వెళ్లే నాటికి ఏ భాగంలో రైళ్లు నడుస్తున్నాయో బుక్ చేసే ముందు అడిగి తెలుసుకోండి.

ఖర్చు విషయంలో ఒక మాట. ఇక్కడ గది, తిండి చవకే కానీ కారు కాదు. డ్రైవరుతో కారుకు రోజుకు 5, 6 వేల రూపాయల దాకా అనుకోవాలి. దాంతో కుటుంబానికి రోజు ఖర్చు 12, 13 వేలకు చేరుతుంది. విమాన టికెట్ తక్కువ కాబట్టి ఐదు రోజుల యాత్ర మొత్తం మీద మలేషియాతో సమానంగానే వస్తుంది. బస్సులు, రైళ్లు వాడగలిగితే ఇంకా తక్కువ.

శాకాహారులకు ఒక హెచ్చరిక. కొబ్బరి పచ్చడిలా కనిపించే సంబోల్‌లో 'ఉంబలకడ' అనే ఎండు చేప పొడి కలుపుతారు. కూరల్లో కూడా వేస్తారు. 'ఉంబలకడ లేకుండా' అని ప్రత్యేకంగా చెప్పాలి. జాఫ్నా, త్రింకోమలి వైపు తమిళ శాకాహార హోటళ్లు ఉంటాయి, అక్కడ ఆ ఇబ్బంది లేదు. త్రింకోమలిలో సముద్రం మీదికి పొడుచుకొచ్చిన కొండపై కోణేశ్వరం శివాలయం ఉంది. శ్రీకాళహస్తి వాళ్లకు ఆ ఆలయం గురించి వేరే చెప్పక్కర్లేదు, దక్షిణ కైలాసం అన్న పేరు దానికీ ఉంది.

మలేషియా

సింగపూర్ చూడాలన్న కోరిక ఎందుకు పుడుతుంది? ఎత్తైన భవనాలు, శుభ్రమైన రోడ్లు, మెట్రో రైళ్లు, పెద్ద మాల్స్, పిల్లల పార్కులు. ఇవన్నీ కౌలాలంపూర్‌లో మూడో వంతు ఖర్చుకు దొరుకుతాయి. సింగపూర్ డాలరు 65 రూపాయలు దాటితే, మలేషియా రింగిట్ 20 రూపాయల అటూ ఇటూ ఉంటుంది. రెండు చోట్లా భోజనం అంకెల్లో ఇంచుమించు ఒకేలా, పది పదిహేను అని కనిపిస్తుంది. రూపాయల్లోకి మార్చినప్పుడే తేడా తెలుస్తుంది.

2023 డిసెంబరు 1 నుంచి భారతీయులకు 30 రోజుల వరకు వీసా అక్కర్లేదని మలేషియా ప్రకటించింది. తర్వాత దాన్ని 2026 చివరి వరకు పొడిగించింది. ఆ గడువు దాటాక వెళ్తుంటే మళ్లీ చూసుకోవాలి. దిగే ముందు మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో ఒక రాక పత్రం నింపాలి. అది ఉచితం. అదే పేరుతో డబ్బు అడిగే నకిలీ సైట్లు ఉన్నాయి, జాగ్రత్త.

బతు గుహల దగ్గర 42.7 మీటర్ల సుబ్రహ్మణ్య స్వామి విగ్రహం 2006లో నిలబెట్టారు. పైకి 272 మెట్లు. నగరం మధ్యలోని కేఎల్ సెంట్రల్ నుంచి లోకల్ రైలు నేరుగా అక్కడికే వెళ్తుంది, టాక్సీ దండగ. ప్రధాన గుహకు టికెట్ లేదు. కార్వేటినగరం, తిరుత్తణి వైపు కావడి మోసే ఇళ్లవాళ్లు అక్కడ నిలబడితే తమ ఊరి జాతరే గుర్తొస్తుంది. మన తెలుగువాళ్లు రబ్బరు తోటల కాలం నుంచే ఆ దేశంలో ఉన్నారు. 1955లోనే అక్కడ సంఘం పెట్టుకున్నారు. ఉగాది ఘనంగా చేస్తారు.

మూడు రోజులు కౌలాలంపూర్, మూడు రోజులు పెనాంగ్ నా ఎంపిక. మధ్యలో రైలు ఉంది, పిల్లలకు సరదా. పెనాంగ్‌లోని జార్జ్‌టౌన్ 2008 నుంచి ప్రపంచ వారసత్వ పట్టణం. పాత వీధులన్నీ కాలినడకనే చూడొచ్చు, టికెట్టు అనే మాటే లేదు. గది అద్దెతో పాటు విదేశీయులకు రాత్రికి 10 రింగిట్ల పర్యాటక పన్ను ఉంటుంది. బుకింగ్‌లో అది కనిపించకపోతే హోటల్లో కట్టించుకుంటారు. ఉదయం పరోటా లాంటి రొట్టి చనాయ్, పప్పు. మధ్యాహ్నం అరిటాకు భోజనం. తిండికి మాత్రం ఈ మూడు దేశాల్లో మనకు ఇదే హాయి.

సింగపూర్ కూడా చూసి తీరాలి అనుకుంటే దక్షిణ మలేషియాలోని జొహోర్ బహ్రులో గది తీసుకుని, కిలోమీటరు పొడవున్న వంతెన దాటి ఒక రోజు వెళ్లి రావొచ్చు. వీసా మాత్రం ముందే ఉండాలి. శనివారం, ఆదివారం ఆ వంతెన మీద రద్దీ విపరీతం, వారం మధ్యలో పెట్టుకోండి.

థాయ్‌లాండ్

బ్యాంకాక్ అంటే మగవాళ్లు జట్టుగా వెళ్లే ఊరు అన్న పేరు మన దగ్గర పడిపోయింది. కుటుంబంతో వెళ్తున్నాం అని చెప్పడానికి కూడా కొందరు మొహమాటపడతారు. ఆ మాట నమ్మి ఎన్నో కుటుంబాలు మంచి యాత్ర పోగొట్టుకుంటున్నాయి. ఆ వ్యవహారాలు జరిగే వీధులు కొన్నే. మీరు వెతుక్కుంటూ వెళ్తే తప్ప ఎదురు రావు. మిగతా బ్యాంకాక్ గుడులు, నది, పడవలు, సంతలు, పార్కుల ఊరు.

సువర్ణభూమి విమానాశ్రయంలో, తిరుగు ప్రయాణంలో పాస్‌పోర్టు తనిఖీ దాటాక, క్షీరసాగర మథనం శిల్పం కనిపిస్తుంది. వాసుకిని పట్టుకుని దేవతలు ఒక పక్క, రాక్షసులు ఒక పక్క. రాజభవనం ఆవరణలోని మరకత బుద్ధుడి ఆలయం గోడల మీద రామాయణ కథ 178 చిత్రాల్లో ఉంది. ఆ దేశపు రాజులు కూడా రాముడి పేరే పెట్టుకున్నారు, ఇప్పటి రాజు పదో రాముడు. పిల్లలకు కథ తెలిసి ఉంటే ఆ గోడల దగ్గర ఒక పూట గడిచిపోతుంది. టికెట్ 500 బాత్, అంటే మన లెక్కలో 1,300 రూపాయల పైన. ఖరీదే, కానీ ఈ ఒక్కదానికి పెట్టండి. మోకాళ్లు, భుజాలు కప్పే బట్టలు ఉండాలి. దారిలో ఎవరైనా 'ఈ రోజు రాజభవనం మూసేశారు, వేరే గుడి చూపిస్తా' అంటే నమ్మకండి, నగల దుకాణాలకు తీసుకెళ్తారు.

అయోధ్య పేరు పెట్టుకున్న పాత రాజధాని అయుత్తయ 1767లో బర్మా దాడిలో నేలమట్టమైంది. ఆ శిథిలాలు చూడటానికి బ్యాంకాక్ నుంచి మామూలు రైల్లో, చాలా తక్కువ టికెట్‌తో వెళ్లొచ్చు. ప్యాకేజీ వాళ్లు దీన్ని తరచుగా వదిలేసి పట్టాయా పెడతారు. నన్నడిగితే పట్టాయా తీసేసి అయుత్తయ పెట్టుకోవాలి.

ఖర్చు తగ్గేది రవాణాలో. విమానాశ్రయం నుంచి రైలు ఉంది, చావో ప్రయా నదిలో జనం ఎక్కే పడవలు ఉన్నాయి. వాటితోనే ముఖ్యమైన గుడులన్నీ అవుతాయి. ఫుకెట్, క్రాబీ దీవులు కలిపితే లోపలి విమానం, పడవ టూర్లు కలిసి బడ్జెట్ పెరుగుతుంది. తొలిసారికి బ్యాంకాక్, దానికి తోడు ఒకే ఒక సముద్ర తీరం చాలు.

శాకాహారం దొరుకుతుంది కానీ అడగడం తెలియాలి. చేపల సాస్ లేని వంట అక్కడ తక్కువ. పసుపు రంగు మీద ఎర్ర అక్షరాలతో ఉండే 'జే' గుర్తు వెతకండి. ఆ దుకాణాల్లో మాంసం, చేప, గుడ్డు ఏవీ ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా వేయరు. తిరుమల కొండ కింద పుట్టి పెరిగిన పెద్దవాళ్లకు అంతకన్నా ఏం కావాలి!

2024 జూలైలో థాయ్‌లాండ్ మనకు 60 రోజుల వరకు వీసా లేకుండా రానిచ్చింది. ఈ నిబంధనలు ప్రభుత్వాన్ని బట్టి మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే రోజున ఆ దేశ రాయబార కార్యాలయం సైట్‌లో చూడండి. 2025 మే నుంచి డిజిటల్ రాక పత్రం తప్పనిసరి, అదీ ఉచితమే.

మిగతావి, క్లుప్తంగా

వియత్నాం నాకు ఇష్టమైన దేశం, అయినా కుటుంబంతో వెళ్లే తొలి యాత్రకు చెప్పను. తమిళం, ఇంగ్లీషు రెండూ పెద్దగా పనికిరావు. పైగా తిండి దగ్గర పెద్దవాళ్లు ఇబ్బంది పడతారు. అలవాటు పడ్డవాళ్లకు మాత్రం ఇంత తక్కువ ఖర్చులో ఇంత అందం అరుదు. ఈ-వీసా 25 డాలర్లు. డానాంగ్ నగరం దగ్గర 'మీ సన్' అనే చోట చంపా రాజులు కట్టిన శివాలయాల గుంపు ఉంది. మన పురావస్తు శాఖ వాళ్లే అక్కడ మరమ్మతులు చేస్తూ 2020లో ఏకశిలా శివలింగాన్ని వెలికి తీశారు. 'చాయ్' అని రాసి ఉన్న హోటళ్లు శాకాహారానివి. రూపాయికి మూడొందల దాకా డాంగ్‌లు వస్తాయి. సున్నాలు చూసి కంగారు పడకండి. 20 వేల నోటు, 5 లక్షల నోటు రెండూ నీలంగానే ఉంటాయి, ఇచ్చేటప్పుడు ఒకటికి రెండుసార్లు చూడండి.

బాలి కొత్త దంపతులకు బాగుంటుంది. అక్కడ వీసా 5 లక్షల రుపయా (ఇండోనేషియా డబ్బు), దాని పైన బాలి పర్యాటక రుసుము లక్షా 50 వేల రుపయా. నేపాల్‌కు వీసా లేదు, పాస్‌పోర్టు లేకపోయినా ఓటరు కార్డు చాలు. ఆధార్ మాత్రం 15 ఏళ్ల లోపు పిల్లలకు, 65 ఏళ్లు దాటిన వాళ్లకు తప్ప మిగతా వాళ్లకు చెల్లదు. మన వంద రూపాయలకు వాళ్లవి 160, ఇది స్థిరమైన రేటు. 108 దివ్యదేశాల్లో ఒకటైన సాలగ్రామ క్షేత్రం ముక్తినాథ్ అక్కడే ఉంది. అది దాదాపు 3,700 మీటర్ల ఎత్తు, గుండె జబ్బు, ఆయాసం ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా బయలుదేరొద్దు. మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు దినం. మన మనసుకు ఎంతో దగ్గరి దేశం. కానీ విమాన టికెట్ వల్ల అది చవకైన జాబితాలోకి రాదు.

ఏ సెలవులకు ఎక్కడికి

సంక్రాంతి సెలవులకు థాయ్‌లాండ్, శ్రీలంక పశ్చిమ, దక్షిణ తీరాలు బాగుంటాయి, కానీ అది అందరూ వచ్చే కాలం కాబట్టి గదుల రేట్లు పెరుగుతాయి. వేసవిలో, మే, జూన్ నెలల్లో బాలికి వర్షాలు ఉండవు, శ్రీలంకలో త్రింకోమలి వైపు బాగుంటుంది. ఫుకెట్, క్రాబీల్లో మే నుంచి అక్టోబరు దాకా వానలు, సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. దసరాకు మధ్య వియత్నాం వద్దు, అక్టోబరు, నవంబరుల్లో అక్కడ వరదలు మామూలు. దసరాకు నేపాల్ ఆకాశం తేటగా ఉంటుంది, అయితే వాళ్లకూ అది పెద్ద పండగే, దుకాణాలు కొన్ని రోజులు మూసే ఉంటాయి. మామిడి రైతులకు కోతలు అయిపోయాక ఆగస్టు, సెప్టెంబరు చేతికి వస్తాయి. బడి పిల్లలు లేని ఇళ్లు ఆ నెలల్లో వెళ్తే టికెట్, గది రెండూ దిగి ఉంటాయి.

ప్యాకేజీ కొనే ముందు

నాలుగు రాత్రులు, ఐదు పగళ్లు, ఇంతే ధర అని రాసిన ప్యాకేజీలో విమానం కలిసి ఉందో లేదో ముందు చూడండి. అర్ధరాత్రి దిగే రోజును కూడా ఒక పగలుగా లెక్కేస్తారు. 'ఐచ్ఛికం' అని రాసిన వాటికి అక్కడికి వెళ్లాక డబ్బు అడుగుతారు. అవి లేకపోతే ఆ రోజు గదిలో కూర్చోవడమే. రత్నాల ఫ్యాక్టరీ, తోలు వస్తువుల దుకాణం లాంటి చోట్ల గంటల తరబడి నిలబెడతారు. ప్యాకేజీపై టీసీఎస్ అని కొంత పన్ను కూడా ముందే తీసుకుంటారు. అది మీ పాన్ మీద జమ అవుతుంది. రిటర్న్ వేసేటప్పుడు లెక్కలోకి తెచ్చుకోవచ్చు, రసీదు తప్పకుండా అడగండి. పెద్దవాళ్లతో వెళ్తే, తెలుగు వంటవాడు తోడొచ్చే బృందంతో వెళ్లడం మంచిదే. మిగతా వాళ్లు శ్రీలంక, మలేషియా, థాయ్‌లాండ్‌లకు సొంతంగా బుక్ చేసుకోగలరు.

టికెట్ కొనేముందు పాస్‌పోర్టులు తీసి చూడండి. తిరిగొచ్చే తేదీకి కాదు, అక్కడ దిగే తేదీకి ఇంకా ఆరు నెలలు చెల్లుబాటు ఉండాలి. మన వైపు చాలామందికి ఇంటిపేరు పొడి అక్షరాల్లోనే ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తారు. టికెట్‌లో, వీసాలో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఒకే పేరున్న పాస్‌పోర్టులతో దుబాయ్ వెళ్లేవాళ్లకు 2022 నుంచి ఇబ్బందులు వచ్చాయి. సరిచేయించుకోవాలంటే తిరుపతి పాస్‌పోర్టు సేవా కేంద్రంలోనే అవుతుంది, కాస్త ముందుగా పని మొదలుపెట్టండి.

చవక విమానాల్లో చేతి సంచి 7 కిలోలే. పెట్టెకు విడిగా డబ్బు. అది టికెట్‌తో పాటే కొంటే తక్కువ, విమానాశ్రయంలో కొంటే చాలా ఎక్కువ. పచ్చళ్లు పెట్టెలోనే పెట్టాలి, చేతి సంచిలో ఆపేస్తారు. పవర్ బ్యాంకు దీనికి తలకిందులు, చేతి సంచిలోనే ఉండాలి. గసగసాలు కలిపిన మసాలా పొడి దుబాయ్‌కి గానీ సింగపూర్‌కి గానీ తీసుకెళ్లొద్దు, అక్కడ అది నేరం. బంగారం ఇంట్లో పెట్టి వెళ్లడమే మేలు. తప్పదనుకుంటే బయలుదేరేటప్పుడే కస్టమ్స్ వాళ్ల దగ్గర నగలు చూపించి కాగితం రాయించుకోండి. లేకపోతే తిరిగొచ్చేటప్పుడు అవి అక్కడ కొన్నవి కావని నిరూపించుకోవడం కష్టం. కార్డు గీకినప్పుడు 'రూపాయల్లోనా, ఇక్కడి డబ్బులోనా' అని మిషన్ అడిగితే అక్కడి డబ్బే నొక్కండి, రూపాయలు నొక్కితే మారకం రేటు ఎక్కువ పడుతుంది.

చెన్నై చేరే దారి కూడా యాత్రలో భాగమే. బస్సులో వెళ్తే ఆంధ్రా బస్సులు చాలావరకు మాధవరంలో దింపుతాయి. విమానాశ్రయం ఊరికి ఆ చివర ఉంది, మధ్యలో ట్రాఫిక్‌కు గంటన్నర అదనంగా పెట్టుకోండి. రైల్లో సెంట్రల్ చేరితే అక్కడి నుంచి మెట్రో నేరుగా విమానాశ్రయానికే పోతుంది, రాత్రి బాగా పొద్దుపోయాక మాత్రం ఉండదు. ఈ విమానాలు చాలావరకు రాత్రిపూటవే. తిరుగు ప్రయాణం శనివారం రాత్రికి పెట్టుకుంటే, దిగి ఆదివారం తెల్లవారేసరికి ఇల్లు చేరినా పిల్లలకు ఆ రోజు బడి ఉండదు.